టేపు నుంచి డీవీడీకి: కంప్యూటర్ కన్నా వీసీఆరే ముఖ్యం

పాత వీడియో క్యాసెట్లను డీవీడీలుగా మార్చుకుందామని కూర్చునేవాళ్ళు మొట్టమొదట అడిగేది "ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" అని. నన్నడిగితే అది చిట్టచివర అడగాల్సిన ప్రశ్న. బొమ్మ ఎంత బాగా వస్తుందన్నది చాలావరకు వీసీఆర్ దగ్గరే తేలిపోతుంది. కంప్యూటర్ చేయాల్సిందల్లా తనకు అందినదాన్ని పాడుచేయకుండా దాచిపెట్టడం. ఇక డీవీడీ అంటారా, దాచిన దాంట్లోంచి చూసుకోవడానికి తీసే ఒక కాపీ, అంతే. చాలామంది ఈ వరసను తలకిందులు చేస్తారు. టేపును నేరుగా డీవీడీ సైజుకు కుదించి రికార్డు చేసి, డిస్క్ రాసేసి, క్యాసెట్ పారేస్తారు. ఆ తర్వాత ఏ లోపం బయటపడినా చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

జేవీసీ కంపెనీ 1976లో మొదలుపెట్టిన క్యాసెట్ పద్ధతి వీహెచ్ఎస్‌కు చివరిదాకా యంత్రాలు చేస్తూ వచ్చిన ఫునాయ్ 2016 జులైలో తయారీ ఆపేసింది. ఇవాళ దొరికే వీసీఆర్లన్నీ వాడేసినవే. హెడ్లు (టేపును చదివే భాగాలు) కొంత అరిగి ఉంటాయి, రబ్బరు రోలర్లు గట్టిపడి ఉంటాయి, లోపలి కెపాసిటర్లు ఎండిపోతూ ఉంటాయి. టేపు కూడా ఏటికేడు బలహీనపడుతూనే ఉంటుంది. కాబట్టి టేపును శ్రద్ధగా, వివరం పోకుండా ఒకసారి కంప్యూటర్లోకి దించుకోండి. డీవీడీ సంగతి నింపాదిగా చూసుకోవచ్చు, ఎన్నిసార్లయినా చేసుకోవచ్చు.

మెషిన్లో పెట్టకముందు

క్యాసెట్ వెనక అంచున ఉండే చిన్న రికార్డ్ ట్యాబ్ విరిగి ఉందో లేదో చూడండి. లేకపోతే విరిచేయండి. పొరపాటున రికార్డ్ బటన్ మీద వేలు పడినా అప్పుడు ప్రమాదం లేదు.

తర్వాత కిటికీలోంచి చక్రాల మీది టేపు చుట్టను వెలుతురులో చూడండి. చుట్ట పక్క అంచు నల్లగా, నున్నగా, ఒకే మట్టంగా ఉండాలి. తెల్లటి పొడిలాగో మచ్చల్లాగో కనిపిస్తే అది ఫంగస్. దాన్ని మంచి వీసీఆర్లో పెట్టకండి. ఆ బూజు డ్రమ్ముకు (హెడ్లు అమర్చిన, తిరిగే సిలిండర్‌కు), గైడ్లకు అంటుకుని తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. తడిగా ఉన్న బూజును తుడిస్తే పులుముకుపోతుంది కాబట్టి ముందు క్యాసెట్‌ను పొడి వాతావరణంలో బాగా ఆరనివ్వాలి. ఆ తర్వాత శుభ్రం చేయడానికే కేటాయించిన వేరే పాత మెషిన్లో, మెత్తని పొడి గుడ్డ మీదుగా టేపు నడిచేలా చేసి తుడుస్తారు. మూతికి మాస్క్ తప్పనిసరి. ఈ తంటా పడలేమనుకుంటే, అలాంటి క్యాసెట్లను విడిగా సంచిలో కట్టి ఈ పని తెలిసినవాళ్ళకు అప్పగించడం మేలు.

డొక్కు పగిలినా, లోపలి చక్రం ఇరుక్కుపోయినా టేపును వేరే క్యాసెట్ డొక్కులోకి మార్చుకోవచ్చు. వీహెచ్ఎస్ క్యాసెట్ అడుగున ఐదు స్క్రూలుంటాయి. పై మూత ఎత్తగానే టేపు ఏ గైడ్ వెనక నుంచి ఏ రోలర్ మీదుగా వెళ్తోందో, చక్రాలను పట్టి ఉంచే బ్రేకు స్ప్రింగులు ఎటు వంగి ఉన్నాయో ఫొటో తీసుకోండి. టేపు మెరుపు వైపు వేలు తగలనివ్వొద్దు. టేపు తెగితే, చివర్లోని పారదర్శకపు లీడర్ దగ్గరైతే అతికించవచ్చు. మధ్యలో తెగినదాన్ని మామూలు ప్లాస్టర్ టేపుతో అతికించి ఆడిస్తే ఆ అతుకు అంచు హెడ్డు కొనను విరగ్గొట్టగలదు.

చల్లటి చోట నుంచి తెచ్చిన క్యాసెట్‌ను ఒక రోజంతా గదిలో ఉంచాకే ఆడించాలి. ఏళ్ళ తరబడి కదలనిదైతే ఒకసారి చివరిదాకా ముందుకు తిప్పి మళ్ళీ వెనక్కి చుట్టండి, చుట్ట బిగువు సమానమవుతుంది. తిప్పుతుండగా కీచుమని శబ్దం వచ్చినా, వేగం తగ్గిపోతున్నా వెంటనే ఆపండి. టేపు పూత జిగురుగా మారిందనడానికి అది గుర్తు.

వీసీఆర్ దగ్గరే గెలుపోటములు

వీహెచ్ఎస్ డ్రమ్ము వ్యాసం 62 మిల్లీమీటర్లు. పాల్ (మన దేశపు టీవీ) పద్ధతిలో నిమిషానికి 1500 సార్లు, ఎన్‌టీఎస్‌సీలో (అమెరికా పద్ధతి) దాదాపు 1800 సార్లు తిరుగుతుంది. దాని మీది రెండు హెడ్లు టేపు మీద ఏటవాలుగా ఒక్కో గీత చదువుతాయి. ఒక గీత అంటే ఒక ఫీల్డు, అంటే సగం ఫ్రేము. పాల్ ఎస్‌పీ (మామూలు) వేగంలో ఆ గీత వెడల్పు 49 మైక్రాన్లు, ఎల్‌పీలో (టేపును సగం వేగంతో నడిపే పద్ధతి) అందులో సగం. ఇంత సన్నటి దారిలో హెడ్డు కాస్త పక్కకు జరిగినా చుక్కలు మొదలవుతాయి. అందుకే ఎల్‌పీలో రికార్డయిన టేపులకు, రికార్డు చేసిన మెషినే దొరికితే అంతకన్నా మంచిది లేదు. కాస్త వంకరగా అలైన్ అయిన మెషినే అయినా, తను గీసిన వంకర గీతను తానే బాగా చదువుతుంది.

చుక్కలను చూసి జబ్బేమిటో చెప్పవచ్చు. తెర పైనో కిందో ఒక పట్టీలా మాత్రమే చుక్కలుంటే అది ట్రాకింగ్ (హెడ్డు సరిగ్గా గీత మీదే నడవడం) సమస్య, రిమోట్‌తో సర్దుకుంటుంది. తెరంతా మంచు కురిసినట్టుంటే, లేదా ఒక ఫీల్డు బాగుండి ఇంకోటి పాడై బొమ్మ గబగబా మిణుకుతుంటే హెడ్డు మురికి పట్టింది. శుభ్రం చేయడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, షామీ తోలు చుట్టిన పుల్ల వాడాలి. ప్లగ్గు పీకేసి, తడిపిన తోలును డ్రమ్ము పక్కన కదలకుండా మెల్లగా ఆనించి, రెండో చేత్తో డ్రమ్మును పైనుంచి పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. తోలు కదలకూడదు, డ్రమ్మే తిరగాలి. పైకీ కిందికీ రుద్దితే ఫెర్రైట్ హెడ్డు కొన విరిగిపోతుంది, ఇక ఆ మెషిన్ అంతే. చెవుల్లో పెట్టుకునే దూది పుల్లలు అసలే వద్దు, దూది పోగు హెడ్డుకు చిక్కుకుంటుంది. డ్రమ్ము దాటాక ఉండే నిలువు హెడ్డును చాలామంది మరిచిపోతారు. మామూలు ఆడియో ట్రాకునూ, ట్రాకింగ్‌కు ఆధారమైన కంట్రోల్ పల్సునూ చదివేది అదే. మాట గొణిగినట్టు వస్తుంటే ముందు దాన్ని తుడిచి చూడండి.

మెనూలో మూడు పనులు చేయాలి. తెర మీద అక్షరాలు రాకుండా ఆపండి. సిగ్నల్ బలహీనపడగానే నీలం తెర వేసే సదుపాయం ఉంటే దాన్నీ ఆపండి, లేకపోతే చెడిపోయిన చోట ఉన్న కాస్త బొమ్మనూ ఆ నీలం మింగేస్తుంది. షార్ప్‌నెస్ మధ్యలో గానీ "ఎడిట్" అన్న స్థానంలో గానీ పెట్టండి. వీసీఆర్ కృత్రిమంగా పెంచే పదును అంచుల చుట్టూ తెల్లటి గీతలు పుట్టించడానికే తప్ప వివరం పెంచడానికి పనికిరాదు.

ఇప్పుడు అసలు విషయం, టీబీసీ (టైమ్ బేస్ కరెక్టర్), అంటే సిగ్నల్ లయను సరిదిద్దేది. దీన్ని పట్టించుకోకుండా ఖరీదైన క్యాప్చర్ కార్డు (వీసీఆర్ బొమ్మను కంప్యూటర్లోకి తీసుకునే పరికరం) కొనేవాళ్ళను చూస్తే జాలేస్తుంది. పాల్‌లో తెర మీది ఒక్కో అడ్డ గీత నిడివి 64 మైక్రోసెకన్లు ఉండాలి. టేపు సాగుతుంది, డ్రమ్ము వేగం కొంచెం ఊగుతుంది, దాంతో ఒక గీత కాస్త ముందు, ఇంకో గీత కాస్త వెనక మొదలవుతుంది. పాత గాజు ట్యూబు టీవీ ఆ ఊగిసలాటతో పాటే ఊగేది కాబట్టి కంటికి పెద్దగా తెలిసేది కాదు. కంప్యూటర్ అలా కాదు, ప్రతి గీతనూ నిర్ణీత గడుల్లో పేర్చాలని చూస్తుంది. ఫలితం: ద్వారబంధం నిలువు అంచు పాములా మెలికలు తిరుగుతుంది, తెర పైభాగం జెండాలా ఒక పక్కకు వంగుతుంది, సిగ్నల్ మరీ తప్పితే ఫ్రేములే జారిపోతాయి.

టీబీసీ అన్న పేరుతో రెండు వేర్వేరు పనులు చలామణీలో ఉన్నాయి, ఇక్కడే గందరగోళమంతా. ఒకటి ప్రతి గీతనూ సరైన చోట మొదలుపెట్టి అంచులను నిటారు చేసేది. రెండోది పూర్తి ఫ్రేమును జ్ఞాపకంలో ఉంచుకుని స్థిరమైన లయలో బయటకు పంపేది, ఫ్రేములు జారకుండా కాపాడేది ఇదే. మెలికలు తిరిగే బొమ్మకు మొదటిది మందు, మాటకూ పెదవులకూ పొంతన తప్పడానికి రెండోది. జేవీసీ, పానసోనిక్ పై తరగతి ఎస్-వీహెచ్ఎస్ (స్పష్టత పెంచిన వీహెచ్ఎస్) డెక్కులు కొన్నింటిలో మొదటి రకం లోపలే ఉంటుంది. అలాంటిది దొరక్కపోతే ఒక పాత చిట్కా ఉంది. పానసోనిక్ డీఎంఆర్-ఈఎస్10 లేదా ఈఎస్15 డీవీడీ రికార్డర్‌ను మధ్యలో పెట్టి, దాంట్లో రికార్డు చేయకుండా సిగ్నల్‌ను దాని గుండా ఊరికే పంపితే గీతలు చాలావరకు నిటారవుతాయి. డిస్క్ ట్రే చెడిపోయిన యూనిటైనా పర్వాలేదు. పూర్తి స్థాయి టీబీసీకి ఇది సాటిరాదు గానీ మామూలు ఇంటి టేపులకు సరిపోతుంది.

హై8, వీడియో8 (చిన్న కెమెరా క్యాసెట్లు) టేపులున్నవాళ్ళకు ఇంకో సుఖమైన దారి ఉంది. 1999లో వచ్చిన డిజిటల్8 కెమెరాల్లో కొన్ని పాత అనలాగ్ టేపులనూ ఆడిస్తాయి, లోపలే సరిదిద్ది ఫైర్‌వైర్ తీగ ద్వారా డీవీ (డిజిటల్ వీడియో) రూపంలో కంప్యూటర్‌కు ఇస్తాయి. అన్ని మోడళ్ళూ అలా చేయవు కాబట్టి కొనేముందు మాన్యువల్ చూడండి.

తీగలు, కార్డు

వీహెచ్ఎస్ టేపు మీద వెలుతురు, రంగు విడివిడిగా ఉంటాయి. రంగును పాల్‌లో దాదాపు 627 కిలోహెర్ట్‌జ్‌కు దించి రాస్తారు. పసుపు పిన్ తీగలో వాటిని కలిపి పంపితే కార్డు మళ్ళీ విడదీయాలి, ఆ విడదీతలో అంచుల వెంట చుక్కలు పాకుతాయి. ఎస్-వీడియో (ఆ రెండింటినీ విడిగా పంపే తీగ) ఉంటే ఈ కలపడం, విడదీయడం రెండూ తప్పుతాయి. అది బొమ్మ మాత్రమే మోస్తుంది, ఆడియోకు ఎరుపు, తెలుపు పిన్నులు విడిగా పెట్టాల్సిందే.

కార్డు విషయంలో నేను చూసేది రెండే. మీ ఆపరేటింగ్ సిస్టమ్‌కు డ్రైవర్ ఉందా? కుదించకుండా 4:2:2 రూపంలో (రంగు వివరం అడ్డంగా మాత్రమే సగం) బొమ్మ ఇస్తుందా? తనలోనే ఎంపెగ్-2 (డీవీడీల కుదింపు పద్ధతి)గా కుదించి ఇచ్చేవి వద్దు. బయటి డొక్కు ఒకటే అయినా లోపల చిప్పు మారిపోయే చవక యూఎస్‌బీ పుల్లలు చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని వెలుతురును తమంతట తామే పెంచుతూ తగ్గిస్తూ ఉంటాయి, దాన్ని ఆపే బటనేదీ ఉండదు. ఇక పసుపు పిన్నును హెచ్‌డీఎంఐగా మార్చే చిన్న డబ్బాలు ఈ పనికి అస్సలు పనికిరావు. అవి ఇంటర్లేస్‌ను (ఒక ఫ్రేములో రెండు ఫీల్డులను అల్లే పద్ధతి) తమకు తోచినట్టు విప్పేసి, సైజు పెంచేసి, కొన్నయితే సెకనుకు 50 ఫీల్డులను 60 ఫ్రేములుగా సాగదీసి ఇస్తాయి. ఒకసారి అలా నలిగాక అసలు ఫీల్డులను వెనక్కి రాబట్టలేం.

దించడం

విండోస్‌లో వర్చువల్‌డబ్ ఎప్పటినుంచో ఉంది, ఉచితం, ఇప్పటికీ దానికి దీటైనది తక్కువ. పాల్ టేపుకు 720×576, సెకనుకు 25 ఫ్రేములు. ఎన్‌టీఎస్‌సీకి 720×480, 29.97 ఫ్రేములు. టేపు ఏ పద్ధతిలో ఉంటే ఆ పద్ధతిలోనే ఉంచండి, ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చడమంటే కదలికను చెడగొట్టుకోవడమే. రంగు రూపం వైయూవై2 (4:2:2 రూపమే), కుదింపుకు హఫ్‌వైయూవీ లేదా యూటీ వీడియో. ఈ రెండూ ఒక్క పిక్సెల్ కూడా పోనివ్వవు. ఆడియో 48 కిలోహెర్ట్‌జ్, 16 బిట్లు, కుదించని పీసీఎం.

అసలు కుదించకుండా రాస్తే సెకనుకు 20.7 ఎంబీ, అంటే గంటకు సుమారు 75 జీబీ అవుతుంది. హఫ్‌వైయూవీతో అది దాదాపు సగానికి తగ్గుతుంది. మూడు గంటల క్యాసెట్‌కు 100 జీబీ పైనే ఖాళీ ఉంచుకోండి. డిస్క్ ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉండాలి. ఫ్యాట్32 అయితే 4 జీబీ దగ్గర ఫైలు ఆగిపోతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న డిస్క్ కాకుండా వేరే డిస్క్‌కు రాయండి. స్క్రీన్ సేవర్, నిద్ర మోడ్, యాంటీవైరస్ స్కాన్, అప్‌డేట్లు అన్నీ ఆపేయండి. యూఎస్‌బీ పరికరాన్ని హబ్బులో కాకుండా నేరుగా కంప్యూటర్‌కే గుచ్చండి.

రికార్డ్ నొక్కేముందు వెలుతురు మట్టం సరిచూడాలి, చాలామంది దాటేసే మెట్టు ఇదే. డిజిటల్ వీడియోలో 0 నుంచి 255 దాకా ఉన్న కొలతలో నలుపు 16, తెలుపు 235. తెల్ల చొక్కా ఆ గీత దాటి 255 దగ్గర కొట్టుకుపోతే దాని మడతలు ఇక లేవు, ఎడిటింగ్‌లో ఎంత తగ్గించినా బూడిద రంగు గుడ్డ వస్తుంది తప్ప మడతలు రావు. వర్చువల్‌డబ్ క్యాప్చర్ తెరలో హిస్టోగ్రామ్ (వెలుతురు మట్టాల గ్రాఫు) ఆన్ చేసి, టేపులో బాగా ఎండ పడిన దృశ్యం ఒకటి, చీకటి దృశ్యం ఒకటి ఆడించి చూడండి. రెండు చివర్లా ఎర్రటి భాగంలోకి రేఖ చొరబడకుండా బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ సర్దండి. ఇక్కడో మెలిక ఉంది. బొమ్మ పక్కల ఉండే నల్లటి పట్టీలు, అడుగున హెడ్లు మారేచోట వచ్చే చెత్త గీతలు కూడా హిస్టోగ్రామ్ లెక్కలోకి వచ్చి తప్పుదోవ పట్టిస్తాయి. కాబట్టి తాత్కాలికంగా క్రాపింగ్ పెట్టి వాటిని మినహాయించండి, మట్టం కుదిరాక క్రాపింగ్‌ను సున్నాకు తెచ్చి అప్పుడు రికార్డు చేయండి. సున్నాకు తేవడం మరిచిపోతే ఆ మూడు గంటలూ వృథా.

సొంతంగా తీసిన టేపే అయినా ఒక్కోసారి బొమ్మ చీకటవుతూ వెలుగవుతూ ఉంటుంది, లేదా "కాపీ రక్షణ ఉంది" అంటూ కార్డు మొరాయిస్తుంది. అద్దె క్యాసెట్లలో తెరకు కనిపించని గీతల్లో ఉంచే మాక్రోవిజన్ పల్సుల కోసం కార్డు వెతుకుతుంటుంది, చెడిపోయిన సింక్‌ను (గీతలు, ఫ్రేములు ఎక్కడ మొదలవుతాయో చెప్పే పల్సులను) అదే అనుకుని పొరబడుతుంది. మంచి టీబీసీ మధ్యలో ఉంటే సింక్ కొత్తగా తయారై ఈ గొడవ ఉండదు.

మాట జారిపోవడం

ఎక్కువ మందిని విసిగించేది ఇదే, దీనికి ఒకటే కారణం ఉందనుకోవడం వల్లే ఎక్కువ తిప్పలు. లక్షణాన్ని బట్టి మూడు రకాలుగా చూడాలి.

మొదట్నుంచి చివరిదాకా ఒకే తేడా ఉంటే అది పెద్ద సమస్య కాదు. ఎడిటింగ్‌లో ఆడియోను అన్ని మిల్లీసెకన్లు జరిపితే సరి.

మొదట్లో సరిగ్గా ఉండి, పోనుపోను తేడా క్రమంగా పెరిగితే రెండు గడియారాల గొడవ. బొమ్మ క్యాప్చర్ పరికరంలోంచి, ఆడియో కంప్యూటర్ సౌండ్ కార్డులోంచి వస్తుంటే ఎవరి లయ వారిది. ఆ రెండింటి మధ్య తేడా 0.01 శాతమే అనుకుందాం, గంటకు 0.36 సెకను. పెదవులు మూసుకున్నాక మాట వినబడడానికి అది చాలు. ఆడియో, వీడియో రెండూ ఒకే పరికరంలోంచి తీసుకోవడం దీనికి మొదటి మందు. అప్పటికే రికార్డయిపోతే ఆడియో నిడివిని వీడియో నిడివికి సరిపోయేలా సాగదీయండి, ఇంత చిన్న మార్పు చెవికి తెలియదు.

తేడా హఠాత్తుగా, అక్కడక్కడా గెంతినట్టు పెరిగితే ఫ్రేములు జారాయని అర్థం. పాల్‌లో 9 ఫ్రేములు పోతే అదే 0.36 సెకను. క్యాప్చర్ తెర మీద జారినవెన్ని, చొప్పించినవెన్ని అన్న లెక్క కనిపిస్తుంది, దాని మీద కన్నేసి ఉంచండి. టేపు మీద దృశ్యం మారేచోట, రికార్డింగ్ ఆపి మళ్ళీ మొదలుపెట్టిన చోటే లెక్క పెరుగుతుంటే తప్పు సిగ్నల్‌ది, ఫ్రేము టీబీసీ కావాలి. టేపులో ఏ మార్పూ లేనిచోట పెరుగుతుంటే తప్పు కంప్యూటర్‌ది, డిస్క్ అందుకోలేకపోతోంది. మరీ మొండి టేపును ముక్కలుగా దించి తర్వాత కలుపుకోవడమే ఉపాయం.

ఆడియోలో ఇంకొకటి. హై-ఫై ట్రాకు బొమ్మతో పాటు ఏటవాలు గీతల్లోనే ఉంటుంది, బాగుంటే చాలా బాగుంటుంది. ట్రాకింగ్ తప్పితే మాత్రం బుర్రుమని మోత. అలా మోత వచ్చేచోట వీసీఆర్ మెనూలో ఆడియోను మామూలు అంచు ట్రాకుకు మార్చి ఆ భాగాన్ని మళ్ళీ దించండి. స్పష్టత తగ్గినా మాట నిలుస్తుంది.

ఇంటర్లేస్‌ను ముట్టుకోకండి

పాల్ టేపులో సెకనుకు 50 ఫీల్డులున్నాయి, అంటే కదలికకు 50 వేర్వేరు క్షణాలు. కంప్యూటర్లో చూడగానే కదిలే చేతి అంచున దువ్వెన పళ్ళలాంటి గీతలు కనిపిస్తాయి, అది చూసి కంగారుపడి డీఇంటర్లేస్ (అల్లిన ఫీల్డులను విప్పడం) కొట్టేస్తారు. చాలా ప్రోగ్రాములు అప్పుడు సగం క్షణాలను పారేసి 25 ఫ్రేములే ఉంచుతాయి. పరిగెత్తే పిల్లాడు ఆగి ఆగి పరిగెత్తుతాడు. డీవీడీకి ఇంటర్లేస్ చక్కగా సరిపోతుంది, విప్పే పని ప్లేయర్, టీవీ చూసుకుంటాయి. ఫోన్లో, కంప్యూటర్లో చూడటానికి వేరే ఫైలు కావాలంటే ఏవీఐసింత్‌లో క్యూటీజీఎంసీతో గానీ, ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లోని బీడబ్ల్యూడిఫ్‌తో గానీ 50 ఫ్రేముల ఫైలు చేయండి. మాస్టర్ (టేపు నుంచి దించిన అసలు ఫైలు) మాత్రం ఉన్నదున్నట్టే ఉండాలి.

ఫీల్డు వరస తప్పితే కదలిక రెండడుగులు ముందుకు, ఒకడుగు వెనక్కి వేస్తుంది. అనలాగ్ క్యాప్చర్ కార్డులు మామూలుగా పై ఫీల్డు ముందు ఇస్తాయి, డీవీ మాత్రం కింది ఫీల్డు ముందు. ఏవీఐసింత్‌లో ఫీల్డులను విడదీసి ఒక్కొక్కటే ముందుకు నొక్కుతూ, అడ్డంగా కదిలే వస్తువును చూడండి. ఒకే దిక్కుగా సాగితే వరస సరైనదే. ముందుకూ వెనక్కూ ఊగితే తిప్పాలి. ఇంకో చిక్కు: 4:2:2 నుంచి డీవీడీకి కావాల్సిన 4:2:0కి మార్చేటప్పుడు, ఇది ఇంటర్లేస్ వీడియో అని చెప్పాలి. చెప్పకపోతే కదిలే ఎర్ర గుడ్డ వెనక రంగు చారలు పడతాయి.

చుక్కలు తగ్గించే ఫిల్టర్ల గురించి నా అభిప్రాయం: డీవీడీ కాపీకి కొంచెం వాడొచ్చు, ఎందుకంటే ఎంపెగ్-2 ఆ చుక్కలను కూడా వివరమనుకుని బిట్లు ఖర్చుపెడుతుంది. మాస్టర్ మీద మాత్రం ప్రయోగాలు వద్దు. మోతాదు మించితే ముఖాలు మైనపు బొమ్మల్లా అవుతాయి. కృత్రిమ మేధతో హెచ్‌డీ చేస్తామనే ప్రోగ్రాములు ఇంకో అడుగు ముందుకేసి, లేని కనురెప్పలు తామే గీస్తాయి. అది మీ తాతగారి ముఖం కాదు, ఆ ప్రోగ్రాము ఊహించిన తాతగారి ముఖం.

అడుగున హెడ్లు మారేచోట వచ్చే చెత్త గీతలను కోసేసి బొమ్మను సాగదీయకండి. సాగదీస్తే ఫీల్డులు కలగలిసిపోతాయి. అక్కడ నల్లటి పట్టీ కప్పేస్తే చాలు.

ఇక డీవీడీ

డీవీడీ-వీడియో నియమాలు కచ్చితమైనవి. వీడియో గరిష్ఠంగా సెకనుకు 9.8 మెగాబిట్లు, ఆడియో 48 కిలోహెర్ట్‌జ్. ఒక పొర డిస్క్‌లో 470 కోట్ల బైట్లు పడతాయి. కంప్యూటర్ దాన్నే 4.38 అని చూపిస్తుంది, డిస్క్‌లో మోసమేమీ లేదు. లెక్క ఇక మీ చేతిలో ఉంది. గంట టేపుకు 8 మెగాబిట్లు హాయిగా పెట్టొచ్చు. గంటన్నరకు 6.5. రెండు గంటలకు ఆడియో, ఇతర ఖర్చులు పోను 4.8 మిగులుతుంది. మూడు గంటలకు 3.2కు పడిపోతుంది, అక్కడ చుక్కలున్న వీహెచ్ఎస్ బొమ్మ గళ్ళు గళ్ళుగా విరుగుతుంది.

మూడు గంటలు ఒకే డిస్క్‌లో పట్టాలంటే 720×576ను పట్టుకుని వేలాడొద్దు. డీవీడీ నియమాల్లోనే 352×576 కూడా ఉంది. వీహెచ్ఎస్ ఇచ్చే స్పష్టత సుమారు 240 గీతలు, తెర వెడల్పు మొత్తానికి లెక్కేస్తే 320. అంటే 352లో టేపులో ఉన్నదంతా దాదాపు ఇమిడిపోతుంది, పిక్సెళ్ళు సగానికి తగ్గడంతో ఒక్కోదానికి బిట్లు రెట్టింపు దక్కుతాయి. ఎస్-వీహెచ్ఎస్, హై8 అయితే స్పష్టత 400 దాకా ఉంటుంది, వాటిని రెండు డిస్క్‌లకు పంచండి. క్యాప్చర్ మాత్రం ఎప్పుడూ 720 వెడల్పులోనే చేయాలి, తగ్గించడం తర్వాత సాఫ్ట్‌వేర్‌తో.

ఎన్‌కోడింగ్‌కు హెచ్‌సీఎన్‌కోడర్ గానీ, ఎఫ్ఎఫ్ఎంపెగ్ గానీ చాలు, రెండు విడతల పద్ధతిలో. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో డీవీడీ టార్గెట్ అని ఇచ్చినంత మాత్రాన ఇంటర్లేస్ ఎన్‌కోడింగ్ రాదు, దానికి సంబంధించిన ఫ్లాగులూ (సెట్టింగులు), ఫీల్డు వరసా విడిగా ఇవ్వాలి. తెర నిష్పత్తి 4:3 అని గుర్తు పెట్టండి, 16:9 పెడితే మనుషులంతా లావెక్కుతారు. ఆడియోకు ఏసీ-3, 192 కిలోబిట్లు. మెనూ, అధ్యాయాలకు డీవీడీస్టైలర్. గడియారం చూసి పది నిమిషాలకో అధ్యాయం కన్నా, సందర్భం మారిన చోట పెట్టడం చూసేవాళ్ళకు మేలు.

రాయడానికి ఇమ్‌గ్‌బర్న్. 16 రెట్ల వేగం డిస్క్‌ను 8 రెట్లతో రాసి, రాశాక వెరిఫై చేయండి. కాగితపు లేబుల్ అంటించకండి, డిస్క్ బరువు ఒక పక్కకు లాగి ప్లేయర్లో ఊగుతుంది, కాలం గడిచేకొద్దీ అంచులు లేస్తాయి. నీటి ఆధారిత సిరా పెన్నుతో పైవైపు రాయండి చాలు.

రాసుకునే డీవీడీల్లో సమాచారం రంగు పొరలో ఉంటుంది, ఎండ తగిలితే అది పాడవుతుంది. కొత్త కంప్యూటర్లలో డిస్క్ డ్రైవే ఉండటం లేదు. కాబట్టి దాచుకోవాల్సింది మాస్టర్ ఫైలును. హఫ్‌వైయూవీ ఫైలును ఎఫ్ఎఫ్‌వీ1కి మార్చి ఎంకేవీలో పెడితే ఒక్క పిక్సెల్ పోకుండా సైజు ఇంకొంచెం తగ్గుతుంది. అది 2021లో ఆర్‌ఎఫ్‌సీ 9043గా ప్రచురితమైన బహిరంగ ప్రమాణం, ఫ్రేముల్లోనే తప్పులు పట్టే చెక్‌సమ్ ఉంచుకోగలదు. రెండు వేర్వేరు హార్డ్ డిస్క్‌లలో ఒక్కో కాపీ, మూడోది ఇంకో ఇంట్లో. ఫైలు పేరులో తేదీ, క్యాసెట్ నంబరు, ఏ మెషిన్లో ఆడించారో రాసుకోండి.

ఇంత చేశాక కూడా క్యాసెట్లను పారేయకండి. హెడ్డులోంచి వచ్చే ముడి రేడియో సిగ్నల్‌నే నేరుగా కంప్యూటర్లోకి తీసుకుని, వీసీఆర్ లోపలి సర్క్యూట్లు చేసే పనంతా సాఫ్ట్‌వేర్‌తో చేసే వీహెచ్ఎస్-డీకోడ్ ప్రాజెక్టు ఇప్పటికే ఉంది. మెషిన్ విప్పి లోపల తీగ అతికించాలి, ఫైళ్ళు భారీగా వస్తాయి, ప్రాసెసింగ్‌కు చాలా సమయం పడుతుంది, అందరికీ చెప్పే పని కాదు. కానీ ఇవాళ టీబీసీకి లొంగని టేపు రేపు దానికి లొంగవచ్చు. పూర్తిగా ఒక వైపుకు చుట్టి, నిలువుగా నిలబెట్టి, తేమ లేని చోట, స్పీకర్లకు దూరంగా ఉంచండి.